పాత ట్రాక్టర్‌లో లూజు బోల్టులు, హైడ్రాలిక్ లీకులు: కడగక ముందే చూసుకోండి

మీరు అడిగింది ఇది: సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొన్నారు, ఎడగారు (రెండో కారు వరి) దమ్ముకు, అంటే నీళ్లు పెట్టిన మడిని బురదగా దున్నడానికి, దించాలనుకుంటున్నారు. రోటావేటర్ (వెనక తగిలించే, బ్లేడ్లు తిరుగుతూ దున్నే పనిముట్టు) ఎత్తి ఇంజిన్ ఆపితే కాసేపటికే కిందికి దిగిపోతోంది, కానీ బయట ఎక్కడా ఆయిల్ కారడం లేదు. బోల్టులన్నీ వారానికోసారి బిగించుకోమని మెకానిక్ చెప్పాడు, అలా చేయాలా అని.

మాది నెల్లూరు జిల్లా కోవూరు వైపు. సొంత బండి, నేనే నడుపుతాను. మాగాణిలో దమ్ము, కోతలప్పుడు ట్రక్కు కట్టి ధాన్యం తోలకం, పని తగ్గినప్పుడు కొండపి వైపు నల్లరేగడి దుక్కులకు కూడా పోతుంటాను. నా అనుభవంలో ఉన్నది చెబుతాను.

అన్నిటికంటే ముందు, బండిని కడిగాక చెక్ చేసే అలవాటు ఉంటే మానేయండి. దుమ్ము, బురద ఉన్నప్పుడే లోపం బయటపడుతుంది. ఆయిల్ చెమ్మ ఉన్నచోట దుమ్ము నల్లగా ముద్దలా అంటుకుని ఉంటుంది. బోల్టు లూజైనచోట వాచర్ కింద ఇనుము ఇనుము రాసుకుని తుప్పు రంగు పొడి వస్తుంది, తడి తగిలితే అది చారలా కారుతుంది. నట్టు చుట్టూ పెయింటు సన్నగా పగిలి ఉంటుంది. నీళ్లు కొట్టారంటే ఈ గుర్తులన్నీ పోతాయి. పొలం నుంచి రాగానే టార్చి పట్టుకుని చుట్టూ ఒకసారి తిరగండి, కింద కూడా తొంగి చూడండి. ఆ తర్వాత కడుక్కోండి.

ఇక అన్ని బోల్టులనూ వారం వారం బిగించడం గురించి. నేను ఒప్పుకోను. బిగుతుగా ఉన్న బోల్టును పైపు తొడిగి ఇంకా లాగితే అది సాగుతుంది. అదీ కాకపోతే పోత ఇనుము హౌసింగ్‌లో మర పోతుంది. అప్పుడది లేత్ షాపు దాకా పోయే పని. దానికి బదులు, ఒకసారి మాన్యువల్‌లో చెప్పిన బిగుతుకు టార్క్ రెంచితో బిగించి, బోల్టు తల మీద నుంచి హౌసింగ్ మీదికి తెల్ల పెయింటుతో సన్నగీత గీయండి. గీత తిన్నగా ఉన్నంతకాలం దాన్ని ముట్టుకోవద్దు. గీత తప్పితే బోల్టు తిరిగినట్టే. ఒకే బోల్టు పదే పదే తిరుగుతుంటే బిగించి వదిలేయకండి, ఊడదీసి మర, వాచర్, రంధ్రం చూడండి. కొత్తది వేసేటప్పుడు తల మీద 8.8, 10.9 అని ఉండే అంకె చూసి అదే గ్రేడు వేయాలి. సైజు సరిపోయింది కదా అని దొరికింది వేస్తే తెగుతుంది.

ఏ బోల్టులు ముఖ్యం అంటారా? మామూలు ట్రాక్టర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేర్ బాక్స్, వెనక యాక్సిల్ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, బండి నడుము అదే. దమ్ములో కేజ్ వీల్స్‌తో (బురదలో వేసే ఇనుప చక్రాలు) గట్టు ఎక్కి దిగినప్పుడల్లా, రెండు చక్రాల ట్రక్కులో సుబాబుల్ కర్ర నిండా వేసి లాగినప్పుడల్లా ఆ బరువంతా ఈ అతుకుల మీద పడుతుంది. అక్కడ ఒక బోల్టు వదులైతే పక్కదాని మీద భారం పెరిగి అదీ వదులవుతుంది, ప్యాకింగ్ నలుగుతుంది, ఆయిల్ చెమ్మ మొదలవుతుంది. అందుకే లూజు బోల్టు, లీకు రెండూ వేరు వేరు జబ్బులు అనుకోవద్దు. చెమ్మ కనిపిస్తే ముందు ఆ చుట్టుపక్కల బోల్టులు చూడండి. ముందు యాక్సిల్ బ్రాకెట్ బోల్టులు కూడా ఇదే కోవలోవి.

చక్రాల నట్లకు మాత్రం గీత చాలదు, పానా పెట్టి చూడాల్సిందే. టైర్లు తీసి కేజ్ వీల్స్ వేసినప్పుడు నట్లను ఎదురెదురుగా బిగించి, గంట పని చేశాక మళ్లీ బిగించాలి. మొదటి గంటలోనే అవి కుదురుకుని కొంచెం వదులవుతాయి. మా దగ్గర సీజన్‌లో బండి ఆపడానికి తీరికుండదని చాలామంది దీన్ని వదిలేస్తారు. స్టడ్డు తెగి చక్రం పక్కకు ఒరిగిన బండిని బురదలోంచి బయటికి లాగడం ఎంత కష్టమో మా చేలల్లో చూశాను. రోటావేటర్ బ్లేడు బోల్టులు, పీటీవో షాఫ్టు (ఇంజిన్ శక్తితో రోటావేటర్‌ను తిప్పే కడ్డీ) లాక్ పిన్ను రోజూ చూడండి, ఇంజిన్ ఆపి, రోటావేటర్ నేల మీద పెట్టాకే.

లీకుల్లో మొదట ఏ ఆయిలో తేల్చుకోవాలి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్. పలచగా, వాసన వస్తుంటే డీజిల్. తేనె రంగులో జిగటగా ఉంటే గేర్, హైడ్రాలిక్ ఆయిల్. చాలా బండ్లలో ఈ రెండింటికీ ఒకే ఆయిల్. వెనక చక్రం లోపలివైపు తడి ఉంటే యాక్సిల్ ఆయిల్ సీలు పోయిందేమో చూడాలి. బ్రేకులు పొడి డిస్కు రకమైతే ఆ ఆయిల్ లైనింగులకు తగిలి బ్రేకు పట్టదు. లోడు బండితో ఎన్‌హెచ్ 16 ఎక్కేవాళ్లు ఇది ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు.

చెమ్మ ఎక్కడ మొదలైందో తెలియకపోతే, ఆ చోటు డీజిల్‌తో తుడిచి, బాగా ఆరాక సుద్దపొడి చల్లి, పది నిమిషాలు లిఫ్ట్ (పనిముట్టును పైకెత్తే హైడ్రాలిక్ భాగం) ఎత్తుతూ దించుతూ నడపండి. ఇంజిన్ ఆపి చూస్తే పొడి మొదట తడిసిన చోటే మూలం. ఆయిల్ ఎప్పుడూ కిందికి జారి వేరేచోట చుక్క పడుతుంది కాబట్టి చుక్క పడేచోటును నమ్మొద్దు. సెకనుకు ఒక చుక్కే కదా అని వదిలేయొద్దు. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు లెక్కేసుకున్నా గంటకు 180 మిల్లీలీటర్లు, పది గంటల పనికి దాదాపు రెండు లీటర్లు పోతుంది.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి. హోస్ పైపు మీద చెయ్యి పెట్టి తడిమి లీకు వెతకొద్దు. వెనక టైరులో గాలి ఒకటి రెండు బార్లు ఉంటే, లిఫ్ట్ లైనులో లోడు మీద 150 బార్లు దాటుతుంది. సూదిమొన అంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. మొదట చీమ కుట్టినంత నొప్పే ఉంటుంది, అందుకే మనవాళ్లు పట్టించుకోరు. కొన్ని గంటల్లో వాస్తుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి. చేతికి తగిలిందనుకుంటే ఆ గంటలోనే నెల్లూరో ఒంగోలో పెద్దాసుపత్రికి పోయి, ప్రెషర్ మీద ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. పైపు విప్పే ముందు పనిముట్టు నేలకు దించి, ఇంజిన్ ఆపి, లివర్ కిందికీ పైకీ కదిపి ప్రెషర్ పోనివ్వాలి. ఎత్తి ఉన్న రోటావేటర్ కిందికి ఎవరినీ వెళ్లనివ్వొద్దు. మీ బండి లిఫ్ట్ దిగుతోంది కాబట్టి మరీ.

ఇప్పుడు మీ లిఫ్ట్ సంగతి. బయట చుక్క పడకుండా దిగుతోందంటే ఆయిల్ లోపలే తప్పించుకుంటోంది. సిలిండర్ పిస్టన్ సీలు గానీ, కంట్రోల్ వాల్వు గానీ అరిగితే ఆయిల్ తిరిగి అదే హౌసింగ్‌లోకి పోతుంది, అందుకే మీకు కనబడదు. బోల్టులు ఎంత బిగించినా అది ఆగదు. ఇంజిన్ నడుస్తుండగా లిఫ్ట్ ఎక్కిళ్లు పెట్టినట్టు ఊగుతోందేమో చూడండి, దానికీ కారణం ఎక్కువగా ఇదే. గంటల మీద కాస్త దిగితే దిగులు లేదు, నిమిషాల్లో దిగితే విప్పించాలి.

విప్పించే ముందు, బండి చదునైన చోట పెట్టి, లిఫ్ట్ కిందికి దించి డిప్ స్టిక్ చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే దమ్ములో నీళ్లు దూరాయన్నమాట, సీళ్లు మార్చి మొత్తం ఆయిల్ మార్చాలి. నురగ కడుతూ, పంపు ఈలలాంటి చప్పుడు చేస్తుంటే ఆయిల్ తక్కువైనా కావాలి, సక్షన్ వైపు, అంటే పంపు ఆయిల్ పీల్చుకునే వైపు, గాలి లాగుతున్నా కావాలి. గాలి లాగేచోట బయటికి ఆయిల్ కారకపోవచ్చు, కాబట్టి ఆ పైపు క్లిప్పులు, ఓ రింగులు విడిగా చూడమని చెప్పండి.

సోమశిల రిజర్వాయరు నీళ్లు కాలవలకు వదలకముందే ఈ పని చేయించండి. నాట్లు మొదలైతే మంచి మెకానిక్ దొరకడు, దొరికినా తొందరలో చేస్తాడు. హౌసింగ్ ఎలాగూ విప్పుతారు కాబట్టి హైడ్రాలిక్ ఫిల్టరు కూడా అప్పుడే మార్పించి, తీసేసిన పాత సీళ్లు మీకు చూపించమని అడగండి.