యుద్ధానికి నియంతే మేలా? ఒక సోషల్ సారు జవాబు

అడిగిన ప్రశ్న ఇదీ: "యుద్ధం వస్తే ప్రజాస్వామ్యం పనికిరాదు కదా? 1962లో మనం పార్లమెంటులో అరుచుకుంటూ కూర్చున్నాం, చైనాలో ఒక్కడే నిర్ణయం తీసుకున్నాడు, గెలిచాడు. ఈ మాట స్కూల్లో పిల్లలకు చెప్పేస్తే తప్పేంటి?"

తప్పే. అసలు జరిగింది అది కాదు. పైగా ఈ మాట పిల్లలకు ఇప్పటికే అందరూ చెప్తూనే ఉన్నారు, ఇంట్లో వాట్సాప్ చూసే తాతల దగ్గర్నుంచి ట్యూషన్ సార్ల దాకా, కొత్తగా చెప్పాల్సిన పనేం లేదు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి నేను. ఈ ప్రశ్న సరిగ్గా ఇలాగే నా క్లాసులోనూ వచ్చింది.

2021 ఫిబ్రవరి. కరోనా తర్వాత తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచిన కొత్త. బెంచీకి ఒక్కరు, అందరికీ మాస్కులు, ఎవరు మాట్లాడుతున్నారో కళ్ళు చూసి పోల్చుకోవాలి. ఆ నెల మూడో వారంలో చైనా ఎట్టకేలకు నోరు విప్పింది, లద్దాఖ్ సరిహద్దులోని గల్వాన్ లోయలో మా వాళ్ళు నలుగురు చనిపోయారని. అంతకు ఎనిమిది నెలల ముందు, 2020 జూన్ 15 రాత్రి, అక్కడ మనవాళ్ళు 20 మంది చనిపోయారు. మన సైన్యం మర్నాడు మొదట ముగ్గురని చెప్పి, రాత్రికల్లా 20 మందని ఒప్పుకుంది. ఆ 20 మందిలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. కాబట్టి మా పిల్లలకు గల్వాన్ అంటే మ్యాపు పాయింటింగ్‌లో గుర్తించే చోటు కాదు. ఆ శవపేటిక ఊళ్ళోకి వచ్చిన రోజు వాళ్ళలో కొందరు రోడ్డు పక్కన నిలబడినవాళ్ళే.

ఆ వార్త వచ్చిన మర్నాడో ఆ తర్వాతో, వెనక బెంచీ పిల్లాడు లేచాడు. "సార్, మనోళ్ళు 20, వాళ్ళు నలుగురే. అంటే వాళ్ళే గెలిచిండ్రా?" క్లాసంతా ఒక్కసారి లేచింది. "అబద్ధం చెప్తున్నరు సార్" అని ఒకడు. "నీకెట్ల తెలుసురా, నువ్వు లెక్కపెట్టొచ్చినవా?" అని ఇంకొకడు. ఇంతలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, మామూలుగా పీరియడ్ మొత్తం నోరెత్తదు, "సార్, మరి వాళ్ళ దేశంల ఎవ్వరు అడగరా?" అంది.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఆ వేసవిలో పేపర్లలో వచ్చింది. అడిగాడు ఒకడు. నాన్‌జింగ్‌లో చియు జిమింగ్ అనే మాజీ జర్నలిస్టు, సోషల్ మీడియాలో ఆయన్ని పాతిక లక్షల మంది అనుసరించేవాళ్ళు. ఆ నలుగురి లెక్క మీద సందేహం వెలిబుచ్చుతూ పోస్టు పెట్టాడు. మర్నాడే పట్టుకుపోయారు. అమరవీరుల పరువు తీశాడని ఎనిమిది నెలల జైలు వేశారు, అదీ ఆయన పోస్టు పెట్టే నాటికి ఇంకా అమల్లోకే రాని సెక్షన్ కింద. గెలుపు లెక్క అడిగినవాడికి జైలు. నిర్ణయం తీసుకునే ఆ ఒక్కడి గురించి ముచ్చటపడేటప్పుడు దీన్ని కూడా కలుపుకోండి.

సరే, ఆ రోజు క్లాసులో ఊరికే చెప్తే ఎక్కేలా లేదని, మరుసటి పీరియడ్‌లో లోక్‌సభ పెట్టించాను. 1961 డిసెంబర్ నాటి సభ. లద్దాఖ్ పక్కన చైనా ఆక్రమించుకున్న అక్సాయ్‌చిన్ గురించి మాట్లాడుతూ అక్కడ గడ్డిపరక కూడా మొలవదని నెహ్రూ అన్నాడు. వెంటనే ఆయన పార్టీ వాడే మహావీర్ త్యాగి లేచి తన బట్టతల చూపించి, ఇక్కడా ఏమీ మొలవదు, మరి దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా అని అడిగాడు. పిల్లలకు ఈ కథ చెప్పగానే త్యాగి వేషానికి పోటీ. చివరికి దక్కించుకున్నవాడికి నెత్తి నిండా జుట్టు. వాడు నెహ్రూ డైలాగు అయ్యేదాకా ఆగి, తన తల చూపించాల్సింది పోయి, సరిగ్గా అప్పుడే వరండాలో పోతున్న మా హెచ్ఎం గారి వైపు చెయ్యి చాపి, "మరి అది కూడా ఇచ్చేద్దామా ప్రధానమంత్రి గారూ?" అన్నాడు. మాస్కుల వెనక నుంచి కూడా అంత నవ్వు వస్తుందని నేననుకోలేదు. హెచ్ఎం గారు ఆగి చూశారు, ఏం జరిగిందో అర్థమయ్యాక ఆయనా నవ్వి వెళ్ళిపోయారు.

గొడవ బట్టతల గురించి రాలేదు. రెండు రోజుల తర్వాత స్కూల్ కమిటీలో ఒకాయన వచ్చారు. "ఓడిపోయిన యుద్ధం పిల్లలకెందుకు సార్? సంతోష్ బాబు గురించి చెప్పండి చాలు, దేశభక్తి పెరుగుతది. నెహ్రూని ఎవరో ఎక్కిరించిండంట, అదేం చరిత్ర?" హెచ్ఎం గారు నన్ను పిలిచి, బోర్డు పరీక్షలో వచ్చేదేదో అంతవరకు చెప్పండి, మిగతావి మనకెందుకు అన్నారు. తన బట్టతల గురించి జోకు వేస్తే నవ్వేసిన మనిషి, దేశం ఓడిందంటే మాత్రం నవ్వలేకపోయారు. ఆయన్ని తప్పు పట్టను, ఆయన మీద ఉండే ఒత్తిళ్ళు ఆయనవి. కానీ కమిటీ ఆయన మాటే ఈ దేశంలో సగం మంది మాట, అందుకే ఇంత రాస్తున్నాను.

ఇక 62 సంగతి. పార్లమెంటు గోల వల్ల ఓడామంటున్నారు కదా, యుద్ధం మొదలైన 1962 అక్టోబర్ 20న పార్లమెంటు సమావేశాల్లోనే లేదు. ఇప్పటి అరుణాచల్‌లోని నమ్‌కా చూ లోయలో మన సైన్యం బ్రిగేడ్ ఒక్క ఉదయంలో చెల్లాచెదురైపోయేటప్పటికి ఎంపీలు ఎవరి ఊళ్ళలో వాళ్ళున్నారు. తొందరగా సభ పిలవండని గొడవ పెట్టినవాళ్ళలో అప్పటి కుర్ర రాజ్యసభ సభ్యుడు వాజ్‌పేయి ఒకరు. చివరికి నవంబర్ 8న పిలిచారు. మరి అసలు నిర్ణయాలు ఎక్కడ జరిగాయి? ఆ లోయ పైనున్న థాగ్లా కొండ దగ్గర చైనా వాళ్ళను తరిమేయాలన్నది సెప్టెంబర్‌లో ఢిల్లీలో ఒక గదిలో, నలుగురైదుగురు కూర్చుని తీసుకున్న నిర్ణయం. చలిబట్టలు లేవు, దారి లేదు, తుపాకులు చాలవు, ఇది అయ్యే పని కాదని అక్కడి కోర్ కమాండర్ ఉమ్రావ్ సింగ్ చెప్తూనే ఉన్నాడు. ఏం చేశారు? ఆయన్ని ఆ బాధ్యత నుంచి తప్పించి, కొత్త కోర్ ఒకటి సృష్టించి, పైవాళ్ళకు దగ్గరివాడైన కౌల్‌ను తెచ్చి పెట్టారు. కాదన్నవాణ్ణి పక్కన పెట్టి అవునన్నవాణ్ణి ఎక్కించడం, ఇది ప్రజాస్వామ్యమా? నన్నడిగితే 62లో మనల్ని ముంచింది పార్లమెంటు కాదు, పార్లమెంటుకు కనపడకుండా నడిచిన దర్బారు.

మీ వాదనలో ఒక ముక్క నిజం ఉంది, అది కూడా చెప్తాను. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చేటప్పటికి ఇక్కడ జనం, ఎంపీలు, పేపర్లు ఎంత వేడెక్కి ఉన్నారంటే, నెహ్రూ ఇచ్చిపుచ్చుకునే మాట ఎత్తే పరిస్థితి లేదు. కానీ ఆ వేడి ఎక్కడిది? అక్సాయ్‌చిన్ మీదుగా చైనా రోడ్డు 1957లోనే పూర్తయింది. దాని మీద మనం 1958లో గుట్టుగా నిరసన లేఖ రాసుకున్నాం. పార్లమెంటుకు చెప్పింది 1959 ఆగస్టులో, అదీ సరిహద్దులో కాల్పులు జరిగాక. ఇంట్లో అప్పు సంగతి జప్తు నోటీసు వచ్చేదాకా దాచిపెట్టి, తెలిశాక ఇల్లాలు అరుస్తోందని విసుక్కుంటే ఎలా? మొదట్లోనే చెప్పి ఉంటే సభ అంత ఉడికేది కాదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు రక్షణ మంత్రుల లెక్క చూద్దాం, ఎందుకంటే నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఓడిన మన దేశంలో కృష్ణ మీనన్‌ను దించింది ప్రతిపక్షం కాదు, కాంగ్రెస్ ఎంపీలే. ఆయన్ని కాపాడాలని నెహ్రూ చాలా చూశాడు, రక్షణ ఉత్పత్తి అని వేరే శాఖ ఇచ్చి కూర్చోబెట్టాడు, అయినా వాళ్ళు ఊరుకోలేదు. నవంబర్ 7కల్లా మీనన్ బయటికి పోయాడు. ఆ తర్వాత ఏమయ్యాడు? 1967లో ఓడిపోయాడు, 1969లో మిడ్నాపూర్ నుంచి, 1971లో త్రివేండ్రం నుంచి గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. గెలిచిన చైనాలో పెంగ్ దహ్వాయ్ అని ఒక రక్షణ మంత్రి ఉండేవాడు, కొరియా యుద్ధంలో చైనా సేనల్ని నడిపినవాడు. ఒక్క గెంతులో దేశాన్ని ముందుకు తీసుకెళ్తామని మావో మొదలెట్టిన గ్రేట్ లీప్ పేరుతో ఊళ్ళలో జరుగుతున్నది బాగాలేదని 1959లో మావోకు ఒక ఉత్తరం రాశాడు. పదవి పోయింది. సాంస్కృతిక విప్లవంలో ఆయన్ని జనం ముందు నిలబెట్టి కొట్టారు, 1974లో నిర్బంధంలోనే చనిపోయాడు. ఆయన భయపడిన కరువులో కోట్ల మంది పోయారు, దాని గురించి మావోను నిలదీసే సభ ఒక్కటీ లేదు. పెంగ్ స్థానంలోకి వచ్చిన లిన్ బియావో, అంటే 62లో చైనా రక్షణ మంత్రి, మావో వారసుడని ప్రకటించిన మనిషి, 1971లో పారిపోతూ మంగోలియాలో విమానం కూలి పోయాడు. గెలిచినవాళ్ళ ఇల్లు ఇదీ. సరిహద్దులో నెల రోజుల యుద్ధం గెలిచారు, నిజమే. మరి ఇల్లు?

మన సభలో యుద్ధం మీద చర్చ నవంబర్ 8 నుంచి 14 దాకా జరిగింది. 160 మందికి పైగా సభ్యులు మాట్లాడారు. ఒకవైపు కొండల్లో యుద్ధం నడుస్తోంది, ఇక్కడ రహస్య సమావేశం పెట్టుకుందామని ఒక సభ్యుడు సూచిస్తే నెహ్రూ ఒప్పుకోలేదు, దేశం మొత్తానికి సంబంధించిన విషయం, అందరి ముందే జరగనీ అన్నాడు. ఆయన మీద నాకు వంద ఫిర్యాదులున్నా, ఇక్కడ మాత్రం దండం పెడతాను. తర్వాతి ఏడాది ఉప ఎన్నికల్లో నెహ్రూని గట్టిగా విమర్శించే కృపలానీ, లోహియా, మసానీ ముగ్గురూ గెలిచి వచ్చారు. లోక్‌సభ చరిత్రలో మొదటి అవిశ్వాస తీర్మానం 1963 ఆగస్టులో కృపలానీ పెట్టిందే. 347 మంది వ్యతిరేకించారు, 62 మంది సమర్థించారు, తీర్మానం వీగిపోయింది. వీగిపోతేనేం, ప్రధానమంత్రి కూర్చుని రోజుల తరబడి ఆ మాటలన్నీ పడ్డాడు. సైన్యాధిపతి థాపర్ కూడా దిగిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన జనరల్ చౌధురి మన తెలంగాణ వాళ్ళకు కొత్తవాడు కాదు, 1948 పోలీసు చర్యలో హైదరాబాద్‌లోకి సేనల్ని నడిపింది ఆయనే. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం నాటికి పదాతిదళం పెరిగింది, పర్వత డివిజన్లు వచ్చాయి. దెబ్బ తిన్నామని బహిరంగంగా ఒప్పుకున్నందుకే దిద్దుకోగలిగామని నేనంటాను.

ఇప్పుడు నా అసలు బాధ. ఇందులో ఒక్క ముక్కైనా మన పిల్లలకు పరీక్షలో వస్తుందా? మన దగ్గర సోషల్ అంటే బిట్లు. యుద్ధం ఏ సంవత్సరం, ఒప్పందం ఎక్కడ, ఖాళీలు పూరించుము. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తప్ప ప్రపంచంలో ఇంకేం లేనట్టు చేశాక చరిత్ర అన్నది ఎవడికి? పైన కేంద్రంలోనూ అంతే, 2023లో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు భారం తగ్గిస్తున్నామని పన్నెండో తరగతి పుస్తకంలో మొఘల్ దర్బారుల పాఠం తీసేశారు. గాంధీ హత్య తర్వాత ఆర్‌ఎస్‌ఎస్‌ను నిషేధించారన్న వాక్యాలు కూడా ఎగిరిపోయాయి. భారం అంటే బ్యాగు బరువు అనుకున్నాను నేను. కాంగ్రెస్ వాళ్ళ కాలంలో ఏదో సత్యం పొంగిపొర్లిందనీ అనను. 62 ఓటమి మీద సైన్యం చేయించిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్ నివేదిక, 1963లోనే ప్రభుత్వం చేతికొచ్చింది. 2010లో అప్పటి రక్షణ మంత్రి ఆంటోనీ దాన్ని బయటపెట్టలేం, ఇప్పటికీ అందులో సున్నితమైన విషయాలున్నాయన్నాడు. 2014 మార్చిలో అరుణ్ జైట్లీ ప్రతిపక్షంలో ఉండి, ఎందుకు బయటపెట్టరని రాశాడు. జులై నాటికి ఆయనే రక్షణ మంత్రి, బయటపెట్టడం దేశ ప్రయోజనం కాదని రాజ్యసభకు చెప్పాడు. నాలుగు నెలలు! గల్వాన్ మీద 2020 సెప్టెంబర్‌లో రాజ్‌నాథ్ సింగ్ ప్రకటన చదివితే, లోక్‌సభలో దాని మీద చర్చకే ఒప్పుకోలేదు. 62లో యుద్ధం ఇంకా ముగియకముందే వారం రోజులు చర్చించిన సభ ఇది.

నెహ్రూని తిడుతూ ఇదంతా చెప్తే ఒక వర్గం చప్పట్లు కొడుతుంది, జైట్లీ దగ్గరికొచ్చేసరికి ఆపేస్తుంది. ఇంకో వర్గం తిరగేసి కొడుతుంది. క్లాసులో పిల్లలకు ఈ గొడవ లేదు, వాళ్ళకు ఎవరు అడిగారు, ఎవరు జవాబు చెప్పారు అన్నదే కావాలి. స్టాఫ్ రూమ్‌లోనే కష్టం.

ఇది చదివి ఎవరో ఒకరు తప్పకుండా "ఇజ్రాయెల్‌ను చూసి నేర్చుకోండి" అంటారు. చూడండి మరి. 1973 యుద్ధంలో వాళ్ళు చివరికి నిలదొక్కుకున్నారు, అయినా మొదటి రోజుల్లో ఎందుకు ఏమరుపాటుగా ఉన్నామని అగ్రానాత్ కమిషన్ వేసుకున్నారు. 1974 ఏప్రిల్ 1న మధ్యంతర నివేదిక బయటికొచ్చింది. కమిషన్ అప్పటి ప్రధాని గోల్డా మెయిర్ తప్పేం లేదంది, జనం ఒప్పుకోలేదు, పది రోజుల్లో ఆమె రాజీనామా చెప్పేసింది. మన కార్గిల్‌కి కూడా యుద్ధం ముగిసిన మూడు రోజులకే సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు, 2000 ఫిబ్రవరిలో కొన్ని భాగాలు తీసేసైనా సరే నివేదికను పార్లమెంటులో పెట్టారు. చేతనైన పనే అన్నమాట. మరి ఆ 1963 నాటి నివేదికకు ఏమొచ్చింది, రాసినవాళ్ళూ లేరు, అందులో పేర్లున్నవాళ్ళూ లేరు, ఇంకెవరి పరువు కోసం తాళం?