పరుపు సంగతి తర్వాత, ముందు మీ మిద్దె చూసుకోండి

"రాత్రి మూడు నాలుగుసార్లు మెలకువ వస్తోంది, మంచి పరుపు కొంటే నిద్ర బాగుపడుతుందా, ఏది కొనాలి?" అని అడిగారు. నన్నడిగితే ఇప్పుడే ఏదీ కొనొద్దు. ఇదే ఆలోచనతో 28 వేలు వదిలించుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మాది కడప. కింద అమ్మానాన్న, జేజి ఉంటారు, పైన మేము. మా నెత్తిన స్లాబు, దాని మీద ఎండ, అంతే. మూడేళ్ళ కిందట ఏప్రిల్లో ఆన్‌లైన్లో మెమరీ ఫోమ్ పరుపు తెప్పించాను. చాపలా చుట్టి అట్టపెట్టెలో వచ్చింది, కవరు కోయగానే బుస్సుమని పొంగింది. మొదటి వారం సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు. మే వచ్చి ఎండ 43, 44 దాటేసరికి దాని అసలు గుణం బయటపడింది. ఆ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి మనిషిని లోపలికి దించుకుంటుంది, ఇంక వీపుకు గాలి ఎక్కడ ఆడుతుంది? పొద్దున లేస్తే దుప్పటి మీద నా ఆకారంలోనే చెమట మరక. జేజి పైకొచ్చి చెయ్యి పెట్టి చూసి, "పరుపు కాదు నాయనా, కుంపటి కొనుక్కొచ్చుకున్నావు" అనింది.

వాపసు ఇద్దామంటే అదో తంటా. వంద రోజుల్లో ఎప్పుడైనా తిరిగి ఇవ్వొచ్చని పెద్ద అక్షరాలతో రాసుకున్నారు కదా అని ఫోన్ చేస్తే, మీ ఊరికి పికప్ లేదు సార్, మళ్ళీ ప్యాక్ చేసి మీరే పంపండి అన్నారు. పేలాలను మళ్ళీ జొన్నలు చెయ్యమన్నట్టుంది.

ఆ నెలలోనే ఒక రాత్రి పదకొండున్నరకు కరెంటు పోయింది. దిండు చంకన పెట్టుకుని మిద్దె ఎక్కాను, చీకట్లో చెప్పులు దొరకలేదు. పైన గాలి హాయిగా ఉంది, కాళ్ళ కింద మాత్రం అప్పుడే పొయ్యి దించిన పెనం! పొద్దుగూకి అప్పటికి ఐదు గంటలు. నిలబడింది ఎక్కడా అని చూసుకుంటే సరిగ్గా నా మంచానికి పైన. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రంతా కిందికి వదులుతుంటే, ఫ్యాను దాన్ని తెచ్చి నా మీద పోస్తోంది. నిద్ర పట్టాలంటే ఒంట్లో వేడి కొంచెం తగ్గాలి, పైనా కిందా పొయ్యి పెట్టుకుంటే ఎట్లా తగ్గుతుంది?

జేజి పుట్టింట్లో చౌడు మన్ను పరిచిన మట్టి మిద్దె ఉండేది, మే నెల మధ్యాహ్నం కూడా లోపల చల్లగా కునుకు పట్టేది. ఇప్పుడు మనం ముందు వైపు అద్దాలకు లక్షలు పెడతాం, వాస్తు అని ఉన్న కిటికీని ఇటుకలతో మూసేస్తాం, తర్వాత నిద్ర లేదని డాక్టర్ దగ్గరికి పోతాం.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే మిద్దె మీద రెండు పూతలు సున్నం వేయించాను, రాలకుండా అందులో కొంచెం ఫెవికాల్ కలిపారు. సాయంత్రం ఎండ కొట్టే పడమటి గోడ నుంచి మంచం జరిపాను. కూలర్‌ను కిటికీ బయట పెట్టి, ఎదురు కిటికీ తెరిచి ఉంచుతాను. అన్నీ మూసి కూలర్ వేస్తే తేమ పోయే దారి లేక ఒళ్ళంతా జిగటే. వీధిలైటు సరిగ్గా కంట్లో పడుతోందని మందం కర్టెను కూడా వేశాం. మంచం మీద ఇప్పుడు ఫోమ్ లేదు, బూరుగు దూది పరుపు. పదిహేను రోజులకోసారి ఎండలో వెయ్యాలి, గడ్డ కడితే ఏకించాలి, ఆ మాత్రం చాకిరీ తప్పదు. మెలకువ ఇప్పుడూ వస్తుంది, ఒకసారి, అదీ నీళ్ళు తాగడానికి.

మీది పై అంతస్తేనా? అయితే ఈ రాత్రి పదకొండుకు చెప్పులు లేకుండా ఒకసారి మిద్దె ఎక్కి చూడండి. కింద అంతస్తయి, మీ పరుపు మధ్యలో గుంట పడి ఉంటే అప్పుడు మార్చండి, నాకు అభ్యంతరం లేదు.

నా 28 వేల కుంపటి కింద గదిలో ఉంది. వేసవిలో దాని మీద ఉతికిన బట్టలు ఉంటాయి. డిసెంబరులో జేజి పడుకుంటుంది, వెచ్చగా ఉందంట.