మాత్రలు పంచాం, రక్తం పెరిగిందా?

ప్రశ్న: మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. రెండేళ్లుగా పన్నెండు హైస్కూళ్లలో ఆడపిల్లలకు ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలు వారం వారం అందేలా చూస్తున్నాం, రక్తహీనత గురించి క్లాసులు చెబుతున్నాం. ఇప్పుడు డబ్బులిచ్చే ట్రస్టు వాళ్లు ఎవాల్యుయేషన్ చేయించి, ఎంత తగ్గిందో చూపించమంటున్నారు. కన్సల్టెంట్‌ని అడిగితే పిల్లలందరికీ రక్తపరీక్ష అంటూ మేం మోయలేని ఖర్చు చెప్పాడు. మొదట్లో హిమోగ్లోబిన్ తక్కువ వచ్చిన పిల్లల లెక్కలు మా దగ్గరున్నాయి. వాళ్లకే మళ్లీ పరీక్ష చేయిస్తే సరిపోదా?
– ఒక కార్యకర్త, పలమనేరు

జవాబు: సరిపోదండీ, పైగా ఆ లెక్క ముందు మిమ్మల్నే మోసం చేస్తుంది. తక్కువ వచ్చినవాళ్లనే ఏరుకుని మళ్లీ పరీక్ష చేస్తే, మాత్ర వేసినా వేయకపోయినా సగటు కొంత పెరిగే కనిపిస్తుంది. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకి రక్తహీనత గీత హిమోగ్లోబిన్ 12 గ్రాముల దగ్గర ఉంది కదా, మొదటిసారి 11.7 వచ్చినవాళ్లలో కొందరికి ఆ రోజు మిషన్ కాస్త తక్కువ చూపించి ఉంటుంది, ఇంకొందరు జ్వరం నుంచి అప్పుడే లేచి ఉంటారు. రెండోసారికి అది దానంతటదే సర్దుకుని వాళ్లంతా మీ విజయం ఖాతాలో పడతారు. ఈ పని తెలిసినవాళ్లు రిపోర్టు చేతికి రాగానే పట్టేస్తారు.

పరీక్ష గొడవ వేరే ఉంది. వేలికి సూది గుచ్చాక రక్తం రావట్లేదని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కూడా కలిసి అంకె పడిపోతుంది. మొదట ఏఎన్ఎం గారు వేలి నుంచి, చివర్లో ల్యాబ్ వాళ్లు చేతి నరం నుంచి తీస్తే ఆ రెండూ పోల్చడానికే పనికిరావు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకే ఈ తలనొప్పి తప్పలేదు, వేలి రక్తం లెక్కల మీద పెద్ద చర్చే నడిచింది, ఆరో విడతలో రక్తహీనత పరీక్షే తీసేశారు. ఆ సర్వే ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత 2015–16లో 60 శాతం, 2019–21లో 58.8. మధ్యలో 2018లో రక్తహీనత తగ్గించే కేంద్ర కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ కూడా మొదలైంది. రాష్ట్రమంతా కలిపి కదిలింది అంతే! అందుకని ట్రస్టు వాళ్లు సగానికి సగం తగ్గాలని ఆశపడుతుంటే, పరీక్షలకి డబ్బు తగలెయ్యకముందే వాళ్లతో కూర్చుని మాట్లాడండి.

నన్నడిగితే ముందు తేల్చాల్సింది రక్తం సంగతి కాదు, పంచిన మాత్రల్లో మింగినవెన్ని అన్నది. మాత్రల రిజిస్టరు, హాజరు పట్టీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రోజు బడికే రాని పిల్ల పేరు ఎదురుగా టిక్కు ఉంటే, నెల మొత్తం ఒకే పెన్నుతో ఒక్కసారే కూర్చుని పెట్టేసిన టిక్కులు ఉంటే, ఆ రిజిస్టరు ఎంత నిజమో మీకే తెలిసిపోతుంది. స్టాకులో మిగిలిన అట్టలు లెక్కపెట్టండి. చెప్పకుండా మాత్రల రోజునే వెళ్లి క్లాసు కిటికీ అవతల ఒకసారి చూడండి, మింగకుండా పారేసిన మాత్రల నీలం రంగు మట్టిలో బాగానే కనబడుతుంది. పిల్లల్ని పేర్లు రాయించకుండా అడిగితే చెప్తారు: వాంతి వస్తోందని, పరగడుపునే ఇచ్చారని, విరేచనం నల్లగా వస్తే అమ్మ భయపడి మాన్పించేసిందని. ఈ చివరిది నిజానికి మీకు మంచి వార్త, ఆ పిల్ల మింగిందన్నమాట.

ఇంత చేశాక కూడా ‘మీ వల్లే తగ్గిందా’ అన్న ప్రశ్న ఉండనే ఉంటుంది, దానికి మీరు పనిచేయని బళ్లు కూడా కావాలి. మన హైదరాబాద్‌లోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు నగరం దగ్గర 29 ఊళ్లు తీసుకున్నారు. పదిహేను ఊళ్లలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అంగన్‌వాడీ పోషకాహారం అందింది, పద్నాలుగు ఊళ్లకి అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు, పథకం ఎలాగూ విడతలుగా వస్తోంది కాబట్టి ఆ సందుని వాడుకున్నారు. అవే పిల్లలు 13–18 ఏళ్లకి వచ్చాక మళ్లీ కొలిస్తే ఆహారం అందిన ఊళ్లవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. సెంటీమీటరున్నర కూడా లేదు, కానీ పక్క ఊళ్లు లేకపోతే అదీ తెలిసేది కాదు.

మీరూ అదే చేయొచ్చు. వచ్చే ఏడాది కొత్త బళ్లకి వెళ్లే ఆలోచన ఉంటే చీటీలు వేసి సగం ఇప్పుడు, సగం ఏడాది తర్వాత మొదలుపెట్టండి. సర్కారు మాత్రలు రెండు చోట్లా అందుతూనే ఉంటాయి, తేలేది మీ అదనపు పని విలువ. పిల్లలందరికీ గుచ్చక్కర్లేదు. ఒకే బడి పిల్లలు చాలా విషయాల్లో ఒకేలా ఉంటారు కాబట్టి, రెండు బళ్లలో రెండొందల మంది చొప్పున తీసుకోవడం కంటే పది బళ్లలో నలభై మంది చొప్పున తీసుకోవడం మేలు. కన్సల్టెంట్‌కి ఈ ప్లాను గీయడానికీ చివర లెక్కలు చూడటానికీ మాత్రం డబ్బివ్వండి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ఏ పిల్లకైనా 8 కంటే తక్కువ వస్తే ఆ రోజే పీహెచ్‌సీకి పంపండి, సర్వే అయ్యేదాకా ఆగొద్దు.

ప్రశ్న: ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేసి కన్సల్టింగ్‌లో కొత్తగా చేరాను. గర్భిణుల కార్యక్రమం ఒకటి మదింపు చేస్తే ఫలితం కనబడలేదు. ఆ భాగం తీసేయమని సంస్థ వాళ్లు అడుగుతున్నారు, మా బాస్ సరే అనేయమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న పాఠకుడు, హనుమకొండ

జవాబు: మాట మెత్తబరచమంటే మెత్తబరచండి, అంకె మాత్రం ముట్టుకోకండి. తర్వాత ఒకటి చూడండి, పని సరిగ్గా జరిగి ఫలితం రాలేదా, అసలు పనే సగం ఊళ్లలో జరగలేదా? చాలాసార్లు రెండోదే అవుతుంది, అది రాస్తే సంస్థకి కూడా దిద్దుకోవడానికి దారి దొరుకుతుంది. వాళ్ల వాదన వాళ్ల మాటల్లోనే రిపోర్టు చివర అచ్చు వేస్తామనండి, సాధారణంగా అక్కడ కొంచెం చల్లబడతారు. అప్పటికీ తీసేస్తామంటే మీ పేరు వేయొద్దని మెయిల్లో రాసి పెట్టండి, నోటిమాటగా వద్దు. ఇకమీదట ఒప్పందంలోనే ఫలితం ఎలా వచ్చినా పూర్తిగా రాస్తామన్న లైను పెట్టించండి. మీ బాస్ దానికీ ఒప్పుకోకపోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టండి, తొందరేం లేదు గానీ మొదలుపెట్టండి.