సింక్ అయ్యే మెయిల్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫోన్‌లో చదివిన మెయిల్ ల్యాప్‌టాప్‌లో చదవనట్టే కనిపిస్తోందనీ, పంపిన ప్రతి ఉత్తరం సెంట్ ఫోల్డర్‌లో రెండేసి సార్లు కనబడుతోందనీ రాశావు. వీటిని సరిచేసే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. సింక్ అయ్యే ఖాతాలో, అంటే అన్ని పరికరాల్లోనూ ఒకేలా కనిపించే ఖాతాలో, అసలు ఉత్తరాలు సర్వర్‌లోనే (మెయిల్ సంస్థ కంప్యూటర్‌లోనే) ఉంటాయి, పరికరాలలో నీకు కనిపించేవి వాటి నకళ్లు మాత్రమే.

ల్యాప్‌టాప్‌లో ఖాతాను ఏ పద్ధతిలో చేర్చావో మొదట చూడు. అది పాప్3 అయి ఉంటుందని నా అనుమానం. ఆ పద్ధతి ఉత్తరాలను దించుకుంటుందే తప్ప నీవు చదివిన సంగతిని సర్వర్‌కు తిరిగి చెప్పదు; సర్వర్‌లో ఒక ప్రతిని ఉంచమని సెట్టింగ్‌లో చెప్పకపోతే దించుకున్నవాటిని అక్కడి నుంచి తీసేస్తుంది కూడా. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్ పద్ధతిలో చదివిన గుర్తు, జవాబిచ్చిన గుర్తు, ఫోల్డర్లు అన్నీ సర్వర్ మీదే ఉంటాయి కాబట్టి నీ అవసరానికి అదే తగినది. అయితే పాత ఖాతాను తొందరపడి తొలగించకు. ల్యాప్‌టాప్‌లో మాత్రమే మిగిలిన ఉత్తరాలు దానితోపాటే పోవచ్చు. ముందు వాటిని వేరే చోటికి కాపీ చేసుకో. ఐమ్యాప్‌తో చేర్చే కొత్త ఖాతా సెట్టింగ్‌లలో మెయిల్ అందుకోవడానికి పోర్ట్ (సర్వర్‌తో కలిసే ద్వారం సంఖ్య) 993, పంపడానికి 465 లేదా 587 ఉండాలి, ఎన్‌క్రిప్షన్ (దారిలో ఇతరులు చదవకుండా చేసే రక్షణ) తప్పనిసరిగా ఆన్‌లో ఉండాలి.

ఇక రెండేసి ప్రతుల సంగతి. జీమెయిల్ సర్వర్ ద్వారా పంపిన ఉత్తరాన్ని ఆ సర్వరే సెంట్‌లో దాస్తుంది. నీ మెయిల్ ప్రోగ్రామ్ కూడా మరో ప్రతిని దాస్తే రెండు కనబడతాయి, కాబట్టి ప్రోగ్రామ్‌లో ఆ సెట్టింగ్‌ను ఆపెయ్యి. అన్ని సర్వర్లూ ఇలా దాచవు. నీకు నీవే ఒక ఉత్తరం పంపుకొని సెంట్‌లో ఎన్ని ప్రతులు చేరాయో చూస్తే తెలిసిపోతుంది. ఒక ప్రోగ్రామ్ ‘సెంట్’ అనీ మరొకటి ‘సెంట్ ఐటమ్స్’ అనీ వేరువేరు ఫోల్డర్లు సృష్టించడం కూడా మామూలే. అన్ని పరికరాలకూ ఒకే ఫోల్డర్‌ను చూపించు. డ్రాఫ్ట్స్‌కూ ట్రాష్‌కూ అంతే.

చాలామంది పట్టించుకోని విషయం డ్రాఫ్ట్‌ది. ఐమ్యాప్‌లో ఒకసారి సర్వర్‌కు చేరిన ఉత్తరాన్ని దిద్దడం కుదరదు, అందుకే నీవు ఒక్క అక్షరం మార్చినా ప్రోగ్రామ్ మొత్తం డ్రాఫ్ట్‌ను కొత్తగా ఎక్కించి పాతదాన్ని చెరిపేస్తుంది. ముందే పెద్ద ఫైల్ జతచేసి తీరిగ్గా రాస్తూ కూర్చుంటే, ఆటోసేవ్ జరిగిన ప్రతిసారీ ఆ ఫైల్ అంతా మళ్లీ సర్వర్‌కు వెళ్తుంది. పైగా మెయిల్‌లో పంపేందుకు మార్చినప్పుడు ఫైల్ పరిమాణం సుమారు మూడో వంతు పెరుగుతుంది. నెమ్మదైన కనెక్షన్ మీద ప్రోగ్రామ్ బిగుసుకుపోయిందని విసుక్కునే సందర్భాలలో కొన్నింటికి కారణం ఇదే. రాయడం పూర్తయ్యాక, పంపబోయే ముందు అటాచ్‌మెంట్ పెట్టు.

పరికరాలు ఎక్కువైనా చిక్కే. జీమెయిల్ ఒక ఖాతాకు ఏకకాలంలో 15 ఐమ్యాప్ కనెక్షన్లనే అనుమతిస్తుంది, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఒక్కటే మామూలుగా 5 వరకు వాడుకుంటుంది. వాడని పాత ఫోన్లలోంచి ఖాతాను తీసెయ్యి; అది భద్రతకూ మంచిది. ఫోన్‌లో కొత్త మెయిల్ ఆలస్యంగా తెలుస్తుంటే బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను ఆపుతోందేమో చూడు. పాస్‌వర్డ్ మార్చిన రోజున ప్రతి పరికరంలోనూ మళ్లీ సైన్ ఇన్ అవ్వు, లేకపోతే ఏదో ఒకటి చడీచప్పుడూ లేకుండా సింక్ మానేస్తుంది.

సింక్ ఉంది కదా, ఇక బ్యాకప్ ఎందుకని మాత్రం అనుకోకు. ఫోన్‌లో వేలు తగిలి చెరిగిన ఉత్తరం అన్ని చోట్లా చెరిగిపోతుంది, జీమెయిల్‌లోనైతే ట్రాష్‌లో 30 రోజులు ఉండి శాశ్వతంగా పోతుంది. ముఖ్యమైనవాటిని థండర్‌బర్డ్‌లోని లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చెయ్యి. ‘మూవ్’ చేస్తే సర్వర్‌లోంచి తొలగిపోతాయి, ‘కాపీ’ అనే ఎంచుకో. ఆ ఫోల్డర్ కూడా నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు దాన్ని బయటి డిస్క్‌లోకి ఎక్కించుకో.

మార్పులన్నీ ఒకేసారి చెయ్యకు. ఒక సెట్టింగ్ మార్చి, ఫోన్‌లో ఒక మెయిల్ చదివి, ల్యాప్‌టాప్‌లో ఆ గుర్తు పడిందో లేదో చూసుకున్నాకే తరువాతిదాని జోలికి వెళ్లు. అప్పటికీ రెండు ప్రతులు కనబడితే ల్యాప్‌టాప్‌లోని సెంట్ ఫోల్డర్ సెట్టింగ్‌ను స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు.

ఇట్లు,
మామయ్య