ముప్పావు వేరు, మూడుంబావు వేరు

సందేహం: మాది అనంతపురం. ఆరో తరగతి చదివే మా మనవడు నన్ను ఇరుకున పెట్టినాడు. "తాతా, ముప్పావులో మూడు, పావు ఉండాయి. మూడుంబావులోనూ అవే ఉండాయి. మరి ఒకటేమో ఒకటికే తక్కువ, ఇంకొకటి మూడు దాటిపోయె, ఎట్ల?" అన్నాడు. జవాబు తోచలేదు. ఇంకొకటి: బడిలో 3/4ను 'మూడు బై నాలుగు' అని చదివిస్తున్నారు. అది తెలుగేనా?

సమాధానం: మీ మనవడు లెక్క అడిగానని అనుకుంటున్నాడు గానీ, అడిగింది వ్యాకరణం. రెండు మాటల్లోనూ ఉన్న సరుకు ఒకటే. అతికిన తీరు వేరు.

ముప్పావు సమాసం. మూడు లోకాలు ముల్లోకాలు, మూడు పూటలు ముప్పూటలు అయినట్టే, మూడు పావులు ముప్పావు. మూడు ఇక్కడ పావులను లెక్కపెడుతోంది. అంటే గుణకారం. పాత లెక్కల్లో పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు గీసేవారు. ఆ గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి. మీ కంప్యూటర్‌లో ఫాంటు ఉంటే ముప్పావు ఇలా కనిపిస్తుంది: ౻.

మూడుంబావు అలా కాదు. అది 'మూడును పావును'. 'రాముడును కృష్ణుడును' అన్నప్పుడు రెంటినీ కలిపే 'ను' ఉంది చూడండి, అదే ఇక్కడ సున్నాగా మిగిలింది. ఆ 'ను'నే వ్యాకరణంలో ద్రుతం అంటారు. అది ముందు ఉండబట్టే పావులోని 'ప' 'బ' అయింది. చిన్నయసూరి సూత్రం చెప్పేదీ అదే: ద్రుతం మీద పరుషాలు (క, చ, ట, త, ప) సరళాలు (గ, జ, డ, ద, బ) అవుతాయి. అర అచ్చుతో మొదలవుతుంది గనక అక్కడ మారడానికి ఏమీ లేదు, 'ను' మాత్రం గట్టిపడి మూడున్నర అయింది. కాబట్టి ఆ సున్నా, ఆ 'న్న' కూడిక గుర్తులే. పిల్లవాడికి అలాగే చెప్పండి, ద్రుతం సంగతి తర్వాత చూసుకోవచ్చు. మూడుంపావు అని పలికేవాళ్లూ ఉన్నారు. మాటలో పట్టించుకోనక్కర్లేదు, రాసేటప్పుడు 'బావు' అనే రాయండి.

ఇక 'బై' సంగతి. బోర్డు మీద ఉన్నది పైనుంచి కిందికి చదవడానికి పనికొస్తుంది, వాడితే కొంపేమీ మునగదు. కానీ తెలుగు చూపు వేరు. 'నాలుగింట మూడు' అంటాం. ముందు ఎన్ని భాగాలు చేశామో చెప్పి, ఆ తర్వాత ఎన్ని తీసుకున్నామో చెబుతాం. (ఈ 'ఇంట' ఇల్లు కాదు. 'పదింటికి బస్సు' అంటామే, ఆ 'ఇంటి'కి చుట్టం.) ఇలా పలికితే ఒక పెద్ద తప్పు తప్పుతుంది. ఐదింట ఒకటి, ఐదింట రెండు కలిపితే ఎంత? ఐదింట మూడు. హారాలు కూడాలన్న ఆలోచనే రాదు. 'ఒకటి బై ఐదు, రెండు బై ఐదు' అన్నామా, పైవి పైన, కిందివి కింద కూడేసి 3/10 అనాలని చెయ్యి లాగుతుంది.

హారాలు వేరైనప్పుడు ఇంకా తమాషా. పాతూరు అంగడికి పోయి అరకేజీ కందిబ్యాళ్లు, పావుకేజీ పెసరబ్యాళ్లు తెచ్చిన పిల్లవాణ్ణి సంచీ బరువెంతని అడగండి, ముప్పావుకేజీ అని టక్కున చెబుతాడు. అదే పరీక్షలో 1/2 + 1/4 అనేసరికి టెన్షన్‌లో 2/6 రాస్తాడు. అంటే మూడింట ఒకటి, అరకన్నా తక్కువ! అరకేజీకి పావు కలిస్తే సంచీ తేలికైందన్నమాట. అంగడిలో వాడికి తెలియకుండానే అరను రెండు పావులు చేసి కూడాడు. బడిలో చెప్పే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అంటే ఆ పనే.

మూడో వంతుకు మాత్రం పావు లాంటి పొట్టి మాట వాడుకలో లేదు. మన పాత కొలతలు సగం, సగంలో సగం అంటూ దిగేవి: అర, పావు, అరపావు, వీసం. రూపాయికి పదహారణాలు అలా వచ్చినవే. 1957లో పైసల లెక్క వచ్చి అణాలు పోయినా, పదహారో వంతైన వీసం 'వీసమెత్తు తేడా లేదు' అనే మాటలో బతికే ఉంది.

కూడిక, గుణకారం దొరికాయి గదా, ఇక తీసివేత ఏ మాటలో ఉందో మీ మనవణ్ణే వెతకమనండి. దొరక్కపోతే, గడియారం రెండూ నలభై ఐదు చూపిస్తున్నప్పుడు టైమెంతని అడగండి. 'పావు తక్కువ మూడు' అంటాడు.