ఓడ దిగాక కోటోర్‌లో ఒక్క పూట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సెప్టెంబరులో మా అత్తామామలతో ఏథెన్స్ దగ్గరి పిరయస్ రేవులో క్రూజ్ ఎక్కి ఇటలీ దాకా వెళుతున్నాం. మధ్యలో మాంటెనెగ్రోలోని కోటోర్‌లో ఓడ పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా ఆగుతుంది. షిప్ వాళ్ల టూర్ తీసుకోకుండా మా అంతట మేమే తిరగగలమా? మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నిశ్చింతగా తిరగొచ్చు. ఓడ గట్టుకు ఆనితే, రోడ్డు దాటగానే పాత ఊరి కోట గుమ్మం. కాకపోతే ఎనిమిది గంటలూ మీ చేతిలో ఉంటాయనుకోకండి. రేవు అధికారుల అనుమతి వచ్చాకే దించుతారు. బయల్దేరడానికి కనీసం అరగంట ముందు, కొన్ని ఓడల్లో గంట ముందే, అందరూ ఎక్కేయాలి. గట్టు మీద చోటు లేకపోతే ఓడ నీళ్లలోనే లంగరు వేసి టెండర్ బోట్లలో (ఓడకూ ఒడ్డుకూ మధ్య తిప్పే చిన్న పడవల్లో) దించుతుంది. అప్పుడు టోకెన్లు, క్యూలు. మామయ్యగారు బోటులోకి అడుగు పెట్టేటప్పుడు సిబ్బంది చెయ్యి పట్టుకోనివ్వండి, మొహమాటం వద్దు. మొత్తమ్మీద మీకు దక్కేది ఆరు గంటలు.

అందుకే దూరంగా ఉన్నది ముందు చూడండి, దగ్గరిది తర్వాత. దిగగానే సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని పెరాస్ట్ అనే ఊరికి బస్సో టాక్సీయో ఎక్కండి. టాక్సీ అయితే రానూపోనూ ఎంతో ఎక్కకముందే మాట్లాడుకోండి. ఆ దారికి ఒక పక్క కొండ, ఇంకో పక్క నీళ్లు. ట్రాఫిక్ ఆగితే పక్క సందులోంచి పోదామన్నా వీలుండదు. పొద్దున ఇరుక్కుంటే పాత ఊరు చూసే టైమ్‌లో ఒక గంట పోతుంది. మధ్యాహ్నం ఇరుక్కుంటే ఓడే పోతుంది. షిప్ వాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరాలి.

పెరాస్ట్ ఒడ్డు నుంచి చిన్న బోట్లు ‘అవర్ లేడీ ఆఫ్ ది రాక్స్’ దీవికి కొద్ది నిమిషాల్లో చేరుస్తాయి. చార్జీలో తిరుగు ప్రయాణం కలిసిందో లేదో ముందే అడగండి. ఆ దీవి మనుషులు కట్టింది. 1452లో అక్కడి రాతి మీద మేరీమాత చిత్రం దొరికిందని, అప్పటి నుంచి నావికులు రాళ్లు వేస్తూ, రాళ్లు నింపిన పాత ఓడల్ని ముంచుతూ దీవిని పెంచారని చెబుతారు. ఏటా జులై 22 సాయంత్రం ఇప్పటికీ పడవల్లో వెళ్లి రాళ్లు వేస్తారు. చర్చి పక్కన మ్యూజియంలో ఒక కుట్టుపని తప్పక చూడండి. సముద్రం మీదికి వెళ్లిన మనిషి కోసం ఎదురుచూస్తూ ఒకామె 25 ఏళ్లు కుట్టిందట, దారంతో పాటు తన జుట్టు కూడా వాడి. దేవదూతల జుట్టు ఒక చోట నల్లగా, మరో చోట తెల్లగా ఉంటుంది. కుడుతుండగానే ఆమె తల నెరిసిందంటారు. హడావిడి పడకుండా దగ్గరికెళ్లి చూడండి.

పన్నెండున్నరకల్లా కోటోర్ చేరిపోండి. పాత ఊరంతా చదునైన రాతి వీధులే, బళ్లు రావు, మామయ్యగారికి ఇబ్బంది ఉండదు. 1166 నాటి సెయింట్ ట్రిఫన్ కెథడ్రల్ చూడండి. చర్చిల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర, చుడీదార్ అయితే ఏ ఇబ్బందీ లేదు. కొండ మీది కోటకు సుమారు 1,350 మెట్లు. మీ ఇద్దరిలో ఎవరికైనా ఓపికుంటే 1518 నాటి చిన్న చర్చి దాకా ఎక్కి వెనక్కి వచ్చేయండి. అక్కడి నుంచే ఊరూ, ఓడా, అఖాతం మొత్తం కనిపిస్తాయి. అరిగి నునుపెక్కిన సున్నపురాతి మెట్లు దిగేటప్పుడే జారతాయి, కాబట్టి చెప్పులు కాదు, పట్టున్న బూట్లు. మనిషికో లీటరు నీళ్లు.

అన్నిటికంటే ముఖ్యం గడియారం. గ్రీసు టైమ్ మాంటెనెగ్రో కంటే గంట ముందుంటుంది. రేవులో దిగగానే మీ ఫోన్ తనంతట తానే గంట వెనక్కి జరుగుతుంది. ఓడ మాత్రం గ్రీసు టైమే పాటిస్తుంటే, ఫోన్‌లో రెండున్నర అయినప్పుడు ఓడలో మూడున్నర. దిగేముందు రిసెప్షన్ గడియారం చూసి చేతి వాచీ సరిచేసుకోండి. ఆ రోజు షిప్ కరపత్రాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, పోర్ట్ ఏజెంటు (రేవులో ఓడ తరఫున ఉండే మనిషి) నంబరు సాధారణంగా అందులోనే ఉంటుంది.

ప్రశ్న: ఇలాంటి క్రూజ్‌కు సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: సరిపోదు. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల గుంపు, మాంటెనెగ్రో అందులో లేదు. అక్కడ దిగితే బయటికి వెళ్లినట్టే, మళ్లీ ఇటలీకో క్రొయేషియాకో రావాలంటే రెండో ఎంట్రీ కావాలి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లో ఉంది. మల్టిపుల్ ఎంట్రీ లేకపోతే చెక్-ఇన్‌లోనే ఆపేయొచ్చు, కాబట్టి అప్లికేషన్‌తో పాటు క్రూజ్ రేవుల పట్టిక జతచేసి మల్టిపులే అడగండి. చెల్లుబాటయ్యే షెంగెన్ వీసా ఉంటే మాంటెనెగ్రోకు వేరే వీసా అక్కర్లేదు.

ప్రశ్న: డబ్బు, ఫోన్, శాకాహారం సంగతేంటి?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా అక్కడ నడిచేది యూరోలే. బోటు, బస్సులకు 5, 10 యూరోల నోట్లు ఉంచుకోండి. యూరప్ ఈ-సిమ్ కొనేటప్పుడు దేశాల జాబితాలో మాంటెనెగ్రో పేరుందో లేదో చూడండి, కొన్ని ప్యాకుల్లో ఉండదు. బేకరీల్లో చీజ్, పాలకూర పెట్టిన బురెక్‌లు (మన పఫ్‌ల లాంటివి) దొరుకుతాయి. అచ్చం అలాగే కనిపించేదాంట్లో మాంసం ఉంటుంది, అడిగే కొనండి. ఓడ బఫేలోని పళ్లు, వండిన పదార్థాలు బయటికి తేవొద్దు. సీలు విప్పని బిస్కెట్ ప్యాకెట్లు చాలు.