రిమోట్‌లో రెండు కర్సర్లు కనిపించడం, డబుల్ క్లిక్ పడకపోవడం: ఏ సెట్టింగ్ ఎటువైపు మార్చాలి

నిజాంపేటలో ఇంటి నుంచి రాణిగంజ్‌లోని నాన్నగారి దుకాణం కంప్యూటర్‌ని రిమోట్‌లో, అంటే నెట్ ద్వారా నడుపుతుంటే రెండు కర్సర్లు కనిపిస్తున్నాయనీ, డబుల్ క్లిక్ పడట్లేదనీ, అక్కడ మౌస్ స్పీడు పెంచినా తేడా లేదనీ అడిగారు. నేను అమీర్‌పేట నుంచి దుకాణాల వాళ్ల ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) సమస్యలు రిమోట్‌లోనే చూస్తుంటానండి. ఇవి నాకు రోజూ ఎదురయ్యేవే.

ముందు స్పీడు సంగతి. మీరు మౌస్ కదిపినప్పుడు "ఇంత దూరం జరుపు" అన్న మాట అటు వెళ్లదు, "స్క్రీన్ మీద ఫలానా చోట పెట్టు" అనే వెళ్తుంది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లోనూ, వీఎన్‌సీ అనే రకం రిమోట్ సాఫ్ట్‌వేర్‌లోనూ మామూలుగా ఇంతే. అందుకే అక్కడి పాయింటర్ స్పీడుకీ మీ చేతికీ సంబంధం లేదు. మార్చాల్సింది మీ ల్యాప్‌టాప్‌లో: కంట్రోల్ ప్యానెల్, మౌస్, పాయింటర్ ఆప్షన్స్. స్లైడర్ మధ్యలో ఉంచి, ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ టిక్కు తీసేయండి. ఆ టిక్కు ఉంటే మీ చెయ్యి ఎంత వేగంగా కదిలిందన్న దాన్ని బట్టి బాణం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ జరుగుతుంది. అసలే నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు చిన్న బటన్ మీద దాన్ని ఆపడం కష్టం.

దుకాణం కంప్యూటర్‌లో పెంచిన స్పీడును మాత్రం దయచేసి మళ్లీ పాత చోటికి తెచ్చేయండి. దానివల్ల మీకు ఒరిగింది లేదు. రేపు పొద్దున దుకాణం తెరిచి మౌస్ పట్టుకునేది నాన్నగారు. బాణం ఎందుకు పారిపోతోందో ఆయనకు అర్థం కాదు.

రెండు కర్సర్లలో వెంటనే కదిలేది మీ సిస్టమ్‌ది. వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది అక్కడిది, అక్కడి తెర బొమ్మతో పాటు ఆలస్యంగా చేరుతుంది. మీరు వాడే రిమోట్ సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లే లేదా వ్యూ మెనూలో సాధారణంగా రిమోట్ కర్సర్ చూపించే ఆప్షన్ ఉంటుంది, ఆపేయండి. అయితే నాన్నగారు "ఇదిగో, ఇక్కడ ఎర్రర్ వస్తోంది" అని తన మౌస్‌తో చూపిస్తుంటే అది ఆన్‌లో ఉండాలి, లేకపోతే ఆయన ఎక్కడ చూపిస్తున్నారో మీకు తెలియదు. నా పని నేను చేసుకునేటప్పుడు ఆఫ్, అవతలి మనిషితో మాట్లాడేటప్పుడు ఆన్.

డబుల్ క్లిక్ ఒక్కటే అక్కడ మార్చాల్సింది. రెండు నొక్కులూ విడివిడిగా నెట్ మీద వెళ్తాయి, మధ్యలో ఎంత ఎడం ఉందో లెక్కపెట్టేది అక్కడి కంప్యూటర్. విండోస్‌లో మామూలుగా ఆ గడువు 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. దారిలో రెండో నొక్కు ఆలస్యమైతే రెండు విడి క్లిక్కులుగా తీసుకుంటుంది. అక్కడి మౌస్ సెట్టింగ్స్‌లో బటన్స్ ట్యాబ్‌కి వెళ్లి డబుల్ క్లిక్ స్పీడును స్లో వైపు జరపండి. పెద్దవాళ్ల వేళ్లకీ అదే సుఖం, నేనైతే పని అయ్యాక కూడా అలాగే వదిలేస్తాను. ఈలోపు ఒకసారి క్లిక్ చేసి ఎంటర్ కొట్టండి, ఫైల్ తెరుచుకుంటుంది.

ఒక్కోసారి అక్కడ మౌస్ వైరు ఊడిపోయి ఉంటే కర్సరే కనిపించదు. విండోస్‌కి మౌస్ లేదనిపిస్తే బాణాన్ని దాచేస్తుంది. అక్కడ మౌస్ కీస్ (నంబర్ ప్యాడ్‌తో బాణాన్ని కదిపే సదుపాయం) ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది: ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కాలి. కానీ పని కాగానే తప్పకుండా ఆపేయండి. అది ఆన్‌లో ఉండగా నంబర్ ప్యాడ్ నొక్కితే అంకెలు పడకుండా బాణం కదులుతుంది. బిల్లు కొట్టే మనిషికి అంతకన్నా ఇబ్బంది ఇంకోటి లేదు.

ఇంకోటి, ఏదైనా ఇన్‌స్టాల్ చేస్తుంటే విండోస్ అనుమతి అడిగే పెట్టె వచ్చి మీ మౌస్ అసలు పనిచేయకపోవచ్చు. అది సెట్టింగ్ లోపం కాదు, భద్రత కోసం ఆ తెరను విండోస్ విడిగా ఉంచుతుంది. నాన్నగారికి ఫోన్ చేసి ఆ పెట్టెలో Yes బటన్ నొక్కమనండి. రిమోట్ సాఫ్ట్‌వేర్‌ని ఊరికే రన్ చేయకుండా అక్కడ పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి ఉంచితే సాధారణంగా ఆ ఫోన్ కూడా అక్కర్లేదు.